లిఖిత పాత్రధారణము

ఇద్దరు గాని అంతకు మించినవారు గాని తలకొక కల్పితపాత్రను స్వీకరించి, ఆ పాత్ర పలుకులను, చేష్టలను, తలపులను వంతులవారీగా వ్రాయుచు, తుది యెట్లుండునో తమలో నెవ్వరికిని ముందుగా తెలియని కథ నొకదానిని కలసి నడుపు రచనాక్రీడకు లిఖిత పాత్రధారణమని పేరు. దీని నభ్యసించువారు రోల్‌ప్లే యని వ్యవహరింతురు. తెలుగువారి నోటను ఆ మాటయే స్థిరపడినది. నాట్యశాస్త్రమున భరతుడు చెప్పిన ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాభినయములు నాలుగును రంగస్థలనటునకు స్వాధీనములై యుండగా, ఇచటి పాత్రధారికి అక్షరమొక్కటియే సాధనము; నడకయు, వేషమును, కంటితడియు సైతము వాక్యమునందే పుట్టవలెను. నవలాకారునకు తన పాత్రలన్నిటిపైనను గల సర్వాధికారము ఇచటి రచయితకు లేదు; అతని కలము తన పాత్ర పొలిమేర దాటరాదు. అందుచేత ఎదుటివానికి ఎంత చోటు మిగిల్చితిమన్నదే ఈ విద్యకు గీటురాయి. దీని నియమములును, మర్యాదలును, దోషములును ఆ యొక్క సూత్రమునుండియే పుట్టినవి.

పూర్వరూపములు

పలువురు కలసి ఒక కృతిని వంతులవారీగా అల్లుట క్రొత్తది కాదు. జపాను దేశమున రెంగా యను గొలుసుపద్యరచన మధ్యయుగముననే పరిణతి నొందినది. 1488లో సోగి యను కవి తన శిష్యులగు షోహాకు, సోచో లతో కూడి మినాసె యనుచోట రచించిన నూఱు పద్యముల మాలిక ఈ ప్రక్రియకు ఆదర్శముగా నేటికిని పఠింపబడుచున్నది. అందు ప్రతి పద్యమును తనకు ముందున్న పద్యముతో పొసగవలెను గాని, దాని వెనుకటి పద్యపు భావమును మరల పట్టుకొని వ్రేలాడరాదు. కథను ఒకేచోట తిరుగాడనీయక ముందునకు నడుపు ఈ నియమము నేటి పాత్రధారులకును శిరోధార్యమే.

ఇంగ్లండునందు 1826లో యార్క్‌షైరు ప్రాంతపు హావర్త్ గ్రామమున పాట్రిక్ బ్రాంటీ యను మతాచార్యుడు తన కుమారుడు బ్రాన్‌వెల్‌నకు కొయ్యసైనికుల పెట్టెను తెచ్చియిచ్చెను. ఆ బొమ్మలను తలకొకటిగా పంచుకొని, వానికి పేర్లు పెట్టి, వాని పక్షమున మాటలాడుచు ఆ ఇంటి నలుగురు బిడ్డలు ఒక ప్రపంచమునే కట్టిరి. షార్లట్, బ్రాన్‌వెల్ ఆంగ్రియా యను రాజ్యమును, ఎమిలీ, ఆన్ గోండాల్ అను ద్వీపమును పెంచుకొనిరి. భూతద్దము లేనిదే చదువరాని సన్నని అక్షరములతో అరచేతి కన్న చిన్నవియగు పుస్తకములను ఆ బొమ్మల చేతికి తగినట్లు కుట్టి అందు ఆ కథలను వ్రాసిరి. పేరు లేకున్నను ఇది నేటి పాత్రధారణమునకు మిక్కిలి సన్నిహితమైన రూపము.

1931లో లండనులోని డిటెక్షన్ క్లబ్బు సభ్యులు కలసి వెలువరించిన 'ది ఫ్లోటింగ్ ఆడ్మిరల్' అను అపరాధపరిశోధక నవలయందు ఒక్కొక్క ప్రకరణమును ఒక్కొక్కరు వ్రాసిరి. వారిలో అగాథా క్రిస్టీ, డొరొథీ సేయర్స్, చెస్టర్టన్ గలరు. చిక్కులను ఇష్టము వచ్చినట్లు పెంచి తరువాతివాని నెత్తిన పడవేయుటకు వీలులేకుండ, ప్రతి రచయితయు తన మనసులో ఒక నిశ్చితమైన పరిష్కారము నుంచుకొనియే వ్రాయవలెనని వారు నియమించుకొనిరి.

తెలుగునాట జంటకవుల సంప్రదాయము ప్రసిద్ధమే. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తిరుపతి వేంకటకవులను ఒక్క పేరున రచించిరి. ఏ పద్యమెవ్వరిదో పాఠకునకు తెలియకుండుటయే అచట శోభ. పాత్రధారణమున ఇందుకు విపర్యయముగా రెండు గొంతులును తుదిదాక వేరుగా వినబడవలెను. ఈ దృష్టితో చూచినచో జంటకవిత్వము కన్న అవధానమునందలి నిషిద్ధాక్షరియే దీనికి దగ్గర చుట్టము: అవధాని ఒక్కొక్క అక్షరము పలుకుచుండగా పృచ్ఛకుడు తరువాత రాదగిన అక్షరమును నిషేధించును, ఎదుటివాడు మూసిన దారిని కాదని క్రొత్తదారి తీసినప్పుడే పద్యమునకు ప్రాణము వచ్చును.

నేటి రూపు ఏర్పడిన క్రమము

ఈ క్రీడకు నియమబద్ధమైన స్వరూపము యుద్ధవిద్యాభ్యాసమునుండి సంక్రమించినది. ప్రష్యా సైన్యాధికారియగు గియోర్గ్ ఫాన్ రైస్‌విట్జ్ తన తండ్రి ఆరంభించిన యుద్ధక్రీడను సంస్కరించి 1824లో నియమగ్రంథముగా ప్రకటించెను. సేనానుల స్థానమున కూర్చున్నవారు తమ ఆజ్ఞలను కాగితముపై వ్రాసి మధ్యస్థున కందింపగా, అతడు ఫలితమును నిర్ణయించి, ఎవరికెంత తెలియదగునో అంతయే వారికి తెలుపుచుండెను. ఆజ్ఞను వ్రాతమూలకముగా నిచ్చుటయు, పాత్రకు తెలిసినది వేరు, ఆటగానికి తెలిసినది వేరు అను వివేకమును ఇచటనే మొలకెత్తినవి.

1969లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ యనునతడు సేనలకు బదులు ఒక ఊరి మనుష్యులను ఒక్కొక్కరిని ఒక్కొక్క ఆటగానికి అప్పగించి 'బ్రౌన్‌స్టైన్' అను ఆటను నడిపెను. అందు పాల్గొన్న డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని మాయలు, రాక్షసులు గల కల్పితలోకమునకు విస్తరింపగా, విస్కాన్సిన్ రాష్ట్రపు లేక్ జెనీవా నివాసియగు గారీ గైగాక్స్‌తో కలసి అతడు రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వెలువడెను. తొలి ముద్రణము వేయి ప్రతులు మాత్రమే. బల్లచుట్టు కూర్చుండి మాటలతో ఆడు ఆ క్రీడలో ఒకడు గేమ్ మాస్టర్, అనగా సూత్రధారి, యగును. తక్కినవారు తలకొక పాత్ర ధరింతురు. అప్పటికే ఆలన్ కాల్హమర్ కల్పించిన 'డిప్లొమసీ' యను ఆట 1963 నుండి ఉత్తరములమీద సాగుచుండెను. దౌత్యలేఖలను తమ దేశాధినేత గొంతుతో వ్రాయుట అందలి వేడుక.

1978లో ఇంగ్లండునందలి ఎస్సెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా యను విద్యార్థి పలువురు ఒకేమారు ప్రవేశింపగల అక్షరమయ ప్రపంచమును కంప్యూటరుపై నిర్మింపగా, రిచర్డ్ బార్టిల్ దానిని పూర్తిచేసెను. మడ్ అను పేరు దానికే మొదట కలిగినది. 1989లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు జేమ్స్ ఆస్ప్‌నెస్ రచించిన 'టైనీమడ్' నందు రాక్షసవధలు, అంకెల పోటీలు వెనుకబడి, గదులు కట్టుకొనుటయు, సంభాషించుటయు ప్రధానములైనవి. 1990లో పావెల్ కర్టిస్ జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున 'లాంబ్డామూ' ను స్థాపించెను. ఇట్లు రాక్షసులను పడగొట్టు ఆట క్రమముగా మనుష్యులను పలికించు రచనగా మారినది.

అంగములు, పరిభాష

ప్రతి పాత్రధారణమునకును మూడు అంగము లావశ్యకములు. మొదటిది లోకము: కథ యెచట, ఎప్పుడు, ఏ కట్టుబాట్లలో జరుగుచున్నదను నిర్ణయము. రెండవది పాత్రపరిచయము, దీనినే క్యారెక్టర్ షీట్ అందురు. మూడవది పోస్ట్, అనగా ఒక వంతున ఒకరు వ్రాయు భాగము. పాత్రగా పలుకు మాటకు ఐసీ అనియు, పాత్రను ప్రక్కనుంచి రచయితలు తమలో తాము మాటలాడుకొను మాటకు ఓఓసీ అనియు సంకేతములు. ఈ రెండవదానిని కుండలీకరణములలో పెట్టుటో, వేరొకచోట వ్రాయుటో ఆచారము. నాటకమున దుర్యోధనుడు భీముని దూషించినంతమాత్రమున ఆ నటులకు పగ లేదని ప్రేక్షకునకు తెలిసినట్లు, ఇచటను పాత్ర కోపము రచయిత కోపము కాదని ఇరువురును ఎరిగియుండుటకు ఈ విభాగము రక్ష.

ప్రవేశించు విధము

క్రొత్తవాడు మొదట చేయవలసినది వ్రాయుట కాదు, చదువుట. తాను చేరబోవు బృందము అంతకుముందు నడిపిన ఒకటి రెండు ఘట్టములను ఆమూలాగ్రముగా చదివినచో, వారు ఎంత నిడివి వ్రాయుదురో, ఉత్తమపురుషమున చెప్పుదురో ప్రథమపురుషమున చెప్పుదురో, హాస్యమునకు ఎంత తావిత్తురో తెలియును. దినమునకు రెండుమారులు ఐదారు వాక్యములు వ్రాయువారును, వారమున కొకమారు రెండు పుటలు వ్రాయువారును ఒకే కథలో ఇమడజాలరు.

లోకము చిన్నదైనకొలది ఆరంభము సుకరము. ఏడు రాజ్యములు, మూడు వంశావళులు గల మహాలోకము కన్న ఒక రేవు, ఒక రాత్రి, ఇద్దరు మనుష్యులు మేలు. ఉదాహరణమునకు 1950వ సంవత్సరపు కొవ్వూరు రేవును తీసికొందము: ఆవలి యొడ్డున రాజమండ్రి, నడుమ వరదనీరు, దాటించుటకు ఆఖరి లాంచీ. గోదావరిపై అచట రోడ్డు, రైలు కలిసిన వంతెన 1974లో గాని రాలేదు. అప్పటికున్నది రైలు వంతెన మాత్రమే. కావున ఈ కథలో నెవ్వడైనను బస్సెక్కి నదిని దాటినచో లోకము విరిగిపోవును. లోకపు కట్టుబాటును తెలిసికొనుట పాండిత్యప్రదర్శనమునకు గాదు. దాటలేని నది యున్నప్పుడే పాత్రలు ఒకదాని నొకటి ఆశ్రయించును.

పాత్రను కల్పించునప్పుడు మూడు ప్రశ్నలు చాలును. ఇతనికి ఏమి కావలెను? ఇతని వలన కానిది ఏది? ఎదుటి పాత్రతో ఇతనికి పని యేమి? కన్నుల రంగు, ఖడ్గపు పొడవు తరువాత చూచుకొనవచ్చును. సర్వసద్గుణములు, సర్వశక్తులు ఒక్కచోటనే పోగైన పాత్రను మేరీ స్యూ అందురు. 1973లో పౌలా స్మిత్ వ్రాసిన ఒక పరిహాసకథలోని నాయిక పేరు అట్లు జాతివాచక మైనది. అట్టి పాత్రకు ఇతరులతో అవసరము లేదు. అవసరము లేనిచోట సంభాషణకు చోటు లేదు.

తెలుగున వ్రాయువారికి ఇంగ్లీషు వంటి భాషలలో లేని ఒక నిర్ణయము మొదటి వాక్యముననే తటస్థించును. ఒక పాత్ర మరొక పాత్రను 'నువ్వు' అనునో, 'మీరు' అనునో, 'తమరు' అనునో, 'ఒరే' అనునో ముందే తేలనిదే సంభాషణ కదలదు. ఆ యొక్క మాటతో వయస్సు, చనువు, చుట్టరికము, హోదా అన్నియు వెల్లడి యగును. కావున మన భాషలో పాత్రపరిచయములను ఇచ్చిపుచ్చుకొనునపుడే పిలుపుల నిర్ణయము చేసికొనుట మంచిది. యాసయు నట్టిదే. గోదావరిసీమ సరంగును, పాలమూరు రైతును, కడప వకీలును ఒకే పుస్తకభాష పలికించినచో, ఈ విద్యలో మనకు మిగిలిన వాచికాభినయమును సైతము చేజార్చుకొన్నట్లగును. కథనము శిష్టముగా నుండవచ్చును గాని పలుకు ఊరిదై యుండవలెను.

ఒక వంతు, దాని జవాబు

పైన చెప్పిన కొవ్వూరు రేవు కథలో ఒకరు సుభద్ర యను ప్రయాణికురాలిని, మరొకరు వీర్రాజను సరంగును ధరించిరనుకొందము. మొదటి రచయిత్రి ఇట్లు ఆరంభించును:

"సుభద్ర రేవు మెట్లు దిగునప్పటికి లాంచీ మోకు విప్పుచున్నారు. ఆమె రేకుపెట్టెను కుడిచేతినుండి ఎడమచేతికి మార్చుకొని, లాంతరు వెలుతురు ముఖముపై పడకుండ ఒక్క మెట్టు ప్రక్కకు జరిగి, 'సరంగుగారూ, నన్నొక్కదాన్నీ ఎక్కించుకోండి. రేపటిదాకా ఆగితే లాభం లేదు' అనెను."

ఈ నాలుగు పంక్తులలో ఆమె కోరిక స్పష్టము, కారణము గుప్తము. పెట్టెలో నేమున్నదో చెప్పలేదు గాని పెట్టె బరువని చేయి చెప్పినది. వెలుతురును తప్పించుకొనుట సరంగు చూడవచ్చును, చూడకపోవచ్చును. ఆ యెంపిక అతనిది. తుదిని ఒక అభ్యర్థన యున్నది గనుక జవాబునకు దారి తెరచియే యున్నది.

దీనికి అనుభవము లేనివాడు వ్రాయు జవాబు తరచుగా ఇట్లుండును: "వీర్రాజు పెట్టెను లాగికొని మూత తెరచెను. అందలి దొంగనగలను చూడగానే సుభద్ర భయపడి అతని కాళ్ళపై పడెను." ఒక్క వంతుతో అతడు పెట్టెను తెరచెను, అందలి రహస్యమును తానే నిశ్చయించెను, ఎదుటి పాత్ర భయమును సైతము తానే వ్రాసెను. ఇక సుభద్రను ధరించినవారికి చేయవలసిన పని లేదు. ఎరిగినవాని జవాబు వేరు:

"వీర్రాజు మోకు చుట్టుట ఆపలేదు. 'ఎర్రనీళ్ళు తల్లీ, ఈ పూట దాటించటం నా చేతిలో లేదు' అనుచునే పెట్టెవైపు చూచెను. దాని మూలకు నల్లమట్టి అంటియున్నట్లు తోచినది. ఊరినుండి రేవుకు వచ్చు బాటంతయు ఇసుకయే. 'ఏ దారినొచ్చారమ్మా?'"

ఇతడు అడ్డుచెప్పెను గాని తలుపు మూయలేదు. నల్లమట్టి యను క్రొత్త వివరమును తెచ్చియు, 'తోచినది' అనుటచే దానిని అంగీకరించుటకు గాని, లాంతరునీడ యని త్రోసిపుచ్చుటకు గాని సుభద్రకు స్వేచ్ఛ నిచ్చెను. పెట్టెలోని రహస్యము ఆమెదిగానే నిలిచినది. దానికి విలువ మాత్రము హెచ్చినది. ఆశునాటకమును బోధించిన కీత్ జాన్‌స్టన్ 1979 నాటి 'ఇంప్రో' అను గ్రంథమున నటులు ఒకరి కొకరు అందించు సూచనలను స్వీకరించుట, అడ్డగించుట అను భేదమును విశదీకరించెను. పాత్ర నిరాకరింపవచ్చును, రచయిత నిరాకరింపరాదని ఆ భేదమును ఇచటికి అన్వయించుకొనవచ్చును. లాంచీ కదలదని వీర్రాజు అనుచున్నను, కథ కదలవలెనని అతనిని వ్రాయువాని కోరిక.

దోషములు

ఎదుటి పాత్ర చేష్టలను తానే వ్రాయుట, ఎవ్వరును తప్పించుకొనలేని దెబ్బలు కొట్టుట, తనపైకి వచ్చిన ప్రతి దెబ్బను తప్పించుకొనుట గాడ్‌మోడింగ్ అనబడును. ఇది దోషములలో ప్రధానము. పాత్రకు తెలియరాని దానిని రచయిత చదివి తెలిసికొని పాత్రచే వాడించుట మెటాగేమింగ్. సుభద్ర తలపులలో మాత్రమే యున్న సంగతిని వీర్రాజు మరుసటి వంతున పలికినచో అది ఈ దోషము. ఈ రెంటి కన్న సామాన్యమైన దోషము మరొకటి కలదు: ఎదుటివాడు చెప్పినదానికి తన పాత్ర లోలోపల ఏమనుకొనెనో రెండు పుటలు వ్రాసి, పైకి ఏమియు చేయక, ఏమియు పలుకక వంతును ముగించుట. తలపు నెంత అందముగా వ్రాసినను, ఎదుటి పాత్రకు అది వినబడదు గదా. ప్రతి వంతునందును కనబడునదో వినబడునదో ఒక్కటైన నుండవలెను.

సమ్మతి, మర్యాద

ఎదుటివాని పాత్రను లాగికొనుట కేవలము సాహిత్యదోషము కాదని 1993లో లాంబ్డామూనందు జరిగిన సంఘటనము లోకమునకు చాటెను. అచట ఒకడు ఒక ప్రోగ్రాము సహాయమున ఇతరుల పాత్రలచే వారి ఇష్టమునకు విరుద్ధముగా నీచకార్యములు చేయించినట్లు వాక్యములను ప్రదర్శించెను. గాయపడిన దేహము లేదు. ఉన్నవి అక్షరములు మాత్రమే. అయినను ఆ పాత్రలను ధరించినవారు నిజముగా నొచ్చుకొనిరి. జూలియన్ డిబెల్ ఆ యేటనే ఆ వృత్తాంతమును 'విలేజ్ వాయిస్' పత్రికలో వ్రాయగా అది విస్తారమైన చర్చకు మూలమైనది. ఆ సంఘటన తరువాత అచటివారు అర్జీలు, ఓట్లతో స్వపరిపాలన నేర్పరచుకొనిరి.

కావున కథ మొదలుపెట్టుటకు ముందే ఏ విషయములు ఎంతమాత్రమును రారాదో, ఏవి జరిగినను వర్ణింపక దాటవేయవలెనో మాటలాడుకొనుట నేటి ఆచారము. రాన్ ఎడ్వర్డ్స్ ఈ రెంటికి గీతలు, తెరలు అను అర్థమిచ్చు పేర్లు పెట్టెను. పాత్ర అనుభవించు దుఃఖమో ప్రేమయో రచయిత మనసులోనికి ఒలుకుటకు ఎమిలీ కేర్ బాస్ బ్లీడ్ అను సంజ్ఞ నిచ్చెను. దానిని గుర్తించినవెంటనే కలము నాపి, సొంతగొంతుతో ఎదుటివానిని పలుకరించుట చికిత్స. శృంగారఘట్టములు వయోజనుల నడుమనే సాగవలెను. పిల్లలున్నచోట వానికి తావే లేదు. పాత్ర ఎంత చేరువైనను ఆ పాత్రను ధరించినవారి నిజమైన పేరు, ఊరు, చిరునామా అడుగరాదు, చెప్పరాదు.

విరామమును మర్యాదలో భాగమే. పరీక్షయో, పనియో, అనారోగ్యమో కలిగినపుడు 'పది దినములు రాలేను' అని ఒక్క మాట చెప్పినవానిని తోటివారు మన్నింతురు. చెప్పక మాయమైనవాని పాత్ర మాత్రము మెట్లమీద ఒక కాలు ఎత్తియే నిలిచిపోవును. ఇట్లు సగములో ఆగిన కథలే ఎక్కువ గనుక, క్రొత్తవారు ఒకే ఘట్టమును నియమించుకొని దానిని ముగించుట అభ్యసింపవలెను. లాంచీ కదలినదో లేదో తేలిన పిమ్మట మరియొక ఘట్టమును ఎత్తుకొనవచ్చును.

ఫలము

ఈ క్రీడవలన సిద్ధించునది గ్రంథమే కానక్కరలేదు. గోండాల్ ద్వీపమును గూర్చి ఎమిలీ, ఆన్ వ్రాసికొన్న గద్యకథలు నేడు లభ్యములు కావు. ఆ పాత్రల నోట పలికించిన కొన్ని పద్యములు మాత్రము మిగిలినవి. 1845 వేసవిలో ఆ యప్పచెల్లెండ్రిద్దరు యార్క్ పట్టణమునకు ప్రయాణమై పోయిరి. అప్పటికి ఎమిలీకి ఇరువదియాఱేండ్లు, ఆన్‌కు ఇరువదియైదు. ఆ దారి పొడవునను తాము గోండాల్ పాత్రలుగానే మెలగితిమని ఎమిలీ ఆ వేసవిలోనే తన దినచర్యా పత్రమున సంతోషముతో వ్రాసికొన్నది. బాల్యమున కొయ్యబొమ్మలతో మొదలిడిన ఆట వారికి పందొమ్మిదేండ్ల తరువాతను చాలింపవలెనని తోచలేదు. మరి రెండేండ్లకు వెలువడిన 'వుదరింగ్ హైట్స్' ఎమిలీ ఒక్కతెయే వ్రాసిన నవల. అందు కథను చెప్పువారు ఒక్కరు కారు, ఒకరి నోటినుండి మరొకరు అందుకొనుచు చెప్పుదురు. ఎదుటివారి మాటకై ఆగి వినుట ఆమె చెల్లెలితో ఆడిన ఆటలో దీర్ఘకాలము అభ్యసించిన విద్య.